విశ్వవిద్యాలయంలో సీటు వేరు, వసతిగృహంలో చోటు వేరు

డిగ్రీ ఫలితాలు వెలువడగానే కోలారు జిల్లా గ్రామాలలో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయిని లేదా అమ్మాయిని ఎం.ఏ., ఎం.ఎస్సీ., ఎం.కాం. చదువులకు ఎక్కడికి పంపాలి? ఒకనాటి సుగటూరు పాలెగాళ్ళ పేరుతో చరిత్రలో నిలిచిన సుగటూరులోనైనా, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెలలోనైనా ప్రశ్న ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పై చదువులో ఆంగ్లం నేర్చిన ఈ పిల్లలకు కోలారు, బెంగళూరు, కుప్పం, తిరుపతి, హైదరాబాదు అన్నీ అందుబాటులో ఉన్నట్లే కనిపిస్తాయి. అయితే చాలా కుటుంబాలు ప్రవేశపత్రం చేతికి వచ్చేంతవరకు ఒక విషయాన్ని గమనించవు. విశ్వవిద్యాలయం ఇచ్చే సీటు తరగతి గదిలో కూర్చునే హక్కు మాత్రమే. రాత్రి తలదాచుకునే చోటు అందులో భాగం కాదు. దానికి వేరే దరఖాస్తు, వేరే నియమాలు, వేరే గడువు ఉంటాయి.

ఈ తేడా తెలియక నష్టపోయేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. వసతి కుదరకపోతే అబ్బాయి ఏదో ఒక గది చూసుకుంటాడులే అని సరిపెట్టుకునే తల్లిదండ్రులు, అమ్మాయి విషయంలో సీటునే వదులుకుంటారు. కాబట్టి వసతి కేటాయింపు ఎలా జరుగుతుందో ముందుగా తెలుసుకోవడం ఒక చదువును కాపాడుకోవడమే అవుతుంది.

రెండు ద్వారాలు

పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశాన్ని నిర్ణయించేది ప్రవేశ విభాగం. డిగ్రీ మార్కులు, ప్రవేశపరీక్ష ర్యాంకు, రిజర్వేషన్ రోస్టరు అక్కడి కొలమానాలు. వసతిగృహాన్ని నిర్ణయించేది ప్రధాన వార్డెన్ కార్యాలయం. అక్కడ మొదట చూసేది ఖాళీగా ఉన్న పడకల సంఖ్య. ఆ తరువాత విద్యార్థి ఇంటి దూరం, మార్కులు, సామాజిక వర్గం, కుటుంబ ఆదాయం, వైకల్యం వంటివి పరిశీలిస్తారు. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమన్నది ఒక్కొక్క విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది.

వసతి ఎందుకు చాలదో ఒక ఊహాలెక్క చూస్తే బోధపడుతుంది. ఒక ప్రాంగణంలో 100 గదులు, గదికి ఇద్దరు చొప్పున 200 పడకలు ఉన్నాయనుకుందాం. పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సు రెండేళ్ళది. నిరుడు చేరినవారు రెండవ ఏడు కూడా అదే గదిలో కొనసాగుతారు. అంటే కొత్తగా వచ్చేవారికి మిగిలేది 100 పడకలే. ఆ ఏడు 250 మంది చేరితే 150 మందికి చోటుండదు. ఇక చివరి సెమిస్టరు పరీక్షలు ఆలస్యమైతే పాతవారు గదులు ఖాళీ చేయరు. తరగతులు మొదలైనా కేటాయింపు మొదలుకాకపోవడానికి ఇదే ముఖ్యకారణం. మొదటి కొన్ని వారాలకు వేరే ఏర్పాటు చేసుకొని రావలసిందిగా విద్యార్థులకు చెప్పడం అందుకే.

దూరం అన్న కొలమానం సరిహద్దు కుటుంబాలకు ముఖ్యమైనది. ప్రాంగణమున్న ఊరిలోనే ఇల్లున్నవారిని పక్కన పెట్టి, బయటి ఊళ్ళ వారికి ముందు అవకాశమివ్వడం చాలాచోట్ల వాడుక. ఈ లెక్కకు ఆధారం చిరునామా ధ్రువపత్రం. బంధువుల ఇంటి చిరునామాతో ఆధార్ కార్డు ఉన్న విద్యార్థి ఎంత దూరం నుండి వచ్చినా కాగితం మీద స్థానికుడే. దరఖాస్తుకు ముందే దానిని సరిచేయించుకోవడం మంచిది.

వికలాంగుల విషయం దీనికి కొంత భిన్నం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలలోను 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని నిర్దేశించింది. అటువంటి విద్యార్థులకు క్రింది అంతస్తులో గది కావాలని వసతి దరఖాస్తులోనే లిఖితపూర్వకంగా కోరాలి.

దగ్గరిలో ఉన్న చదువులు

ఒకప్పుడు కోలారు విద్యార్థులు పోస్టుగ్రాడ్యుయేట్ చదువుకు బెంగళూరు జ్ఞానభారతి ప్రాంగణం వైపు చూసేవారు. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని మూడుగా విభజించినప్పుడు కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలు బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చాయి. దాని కార్యస్థానం కోలారు పక్కనున్న టమక. మంగసంద్రలో పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం ఉంది. సుగటూరు వంటి గ్రామాల వారికి దీనివలన ఒక కొత్త ఎంపిక కలిగింది. వసతిగృహమే అవసరం లేకుండా ఇంటి నుండి వెళ్ళి చదువుకోవచ్చు. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం క్రింద కర్ణాటక మహిళలకు రాష్ట్రం లోపల సాధారణ ప్రభుత్వ బస్సులలో ప్రయాణం ఉచితం. అమ్మాయిల చదువు ఖర్చు లెక్కించేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

అయితే కోరిన విషయం దగ్గరలో లేకపోవచ్చు. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేయదలచినవారికి సహజంగానే చూపు సరిహద్దు దాటుతుంది. బంగారుపేట నుండి చెన్నై వైపు రైలు మార్గంలోనే కుప్పం ఉంది. అక్కడి శ్రీనివాసవనంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. ముళబాగిలు, నంగలి, పలమనేరు, చిత్తూరు దారిలో వెళితే తిరుపతి వస్తుంది. అక్కడ 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళల కోసమే స్థాపించిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. దూరం తక్కువే కావచ్చు. నంగలి దాటిన తరువాత నియమాలు మాత్రం మారిపోతాయి.

సరిహద్దు దాటితే మారే లెక్క

ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలకు రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూలం. దాని ప్రకారం సాధారణంగా 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు స్థానికులవి. స్థానికత అంటే ఇంట్లో మాట్లాడే భాష కాదు. ఆ ప్రాంతంలో చదివిన, నివసించిన సంవత్సరాల లెక్క. ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడినా, కోలారు జిల్లాలో చదివిన విద్యార్థి అక్కడ స్థానికుడు కాడు. ఇతర రాష్ట్రాల అభ్యర్థులకు ఏ సీట్లలో అర్హత ఉంది, రుసుములో తేడా ఉందా అన్నవి ఆ యేటి ప్రవేశ ప్రకటనలో చూసుకోవాలి.

దీనికంటె ఎక్కువమందిని తికమకపెట్టేది కుల ధ్రువపత్రం. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికొకటి. ఒకే కులం సరిహద్దుకు ఇటు ఒక జాబితాలో, అటు మరొక జాబితాలో ఉంటుంది. కోలారు ప్రాంతంలో బాగా తెలిసిన ఉదాహరణలు మూడు చూడవచ్చు. భోవి లేదా వడ్డర్లు కర్ణాటకలో షెడ్యూల్డు కులం. ఆంధ్రలో వడ్డెరలు వెనుకబడిన తరగతులలోని ఎ-వర్గం. వాల్మీకి నాయకులు కర్ణాటకలో షెడ్యూల్డు తెగ. ఆంధ్ర మైదాన ప్రాంతంలో వాల్మీకి బోయలు వెనుకబడిన తరగతి. లంబాణీలు కర్ణాటకలో షెడ్యూల్డు కులం. ఆంధ్రలో అదే జనం, సుగాలీలు, షెడ్యూల్డు తెగ.

జాబితా రెండు వైపుల ఒకటే అయినా చిక్కు తీరదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తేల్చింది. ఆంధ్రలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న ఆ విద్యార్థి, కుటుంబం బొంబాయికి తరలినందున మహారాష్ట్ర వైద్య కళాశాలలో అదే రిజర్వేషన్ కోరాడు. ఒక రాష్ట్రంలోని గుర్తింపు మరొక రాష్ట్రంలోని రిజర్వేషన్‌కు హక్కు కాజాలదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాబట్టి నాడకచేరిలో తీసుకున్న కర్ణాటక కుల ధ్రువపత్రం ఆధారంగా తిరుపతిలో గాని కుప్పంలో గాని ఆంధ్ర రాష్ట్ర రిజర్వేషన్ దొరుకుతుందని లెక్క వేసుకోరాదు. రోస్టరు ననుసరించి గదులు పంచేచోట దాని ప్రభావం వసతిగృహం వరకు వస్తుంది. ఆంధ్ర ప్రభుత్వం తన రాష్ట్ర కుటుంబాలకిచ్చే రుసుము, భోజన సహాయాలు కూడ కర్ణాటక కుటుంబానికి వర్తించవు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పరిస్థితి వేరు. పార్లమెంటు చట్టంతో 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి సంస్థలు దేశమంతటి నుండి విద్యార్థులను తీసుకుంటాయి. స్థానికుల కోటా ఉండదు. విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ రాష్ట్రపు జాబితానే అక్కడ పరిగణిస్తారు. కోలారు భోవి విద్యార్థి తిరుపతిలో పొందలేని షెడ్యూల్డు కుల రిజర్వేషన్‌ను హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పొందగలడు. ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. ఇతర వెనుకబడిన తరగతుల వారికి క్రీమీలేయరులో లేరన్న పత్రం కూడ అవసరం. అంతచేసినా ప్రవేశం లభించినంత మాత్రాన వసతి హామీ లేదని కేంద్రీయ విశ్వవిద్యాలయాలు సైతం తమ ప్రకటనలలో తెలుపుతుంటాయి.

సొంత రాష్ట్రంలో ఉన్న దారులు

కర్ణాటకలోనే చదివేవారికి విశ్వవిద్యాలయపు సొంత వసతిగృహం కాక మరో దారి ఉంది. సాంఘిక సంక్షేమ శాఖ, వెనుకబడిన వర్గాల సంక్షేమ శాఖ మొదలైనవి మెట్రిక్ అనంతర విద్యార్థి నిలయాలను నడుపుతున్నాయి. వీటికి విశ్వవిద్యాలయంతో సంబంధం లేదు. దరఖాస్తు ప్రభుత్వానికి, ఎంపిక ప్రభుత్వానిది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, చేరిన కోర్సు వివరాలు, బ్యాంకు ఖాతా ఇక్కడ ముఖ్యం. ఆదాయ పరిమితి వర్గాన్ని బట్టి మారుతుంది. విశ్వవిద్యాలయ వసతిగృహానికి, ప్రభుత్వ నిలయానికి రెండింటికీ దరఖాస్తు పెట్టి, ముందు ఏది దొరికితే అందులో చేరడం తెలివైన పని. రెండింటిలోను చోటు పట్టి ఉంచుకోవడం మాత్రం మరొక పేద విద్యార్థి పడకను ఖాళీగా ఉంచడమే.

నిలయంలోను చోటు దొరకని వెనుకబడిన వర్గాల విద్యార్థుల కోసం 2013-14లో కర్ణాటక ప్రభుత్వం విద్యాసిరి పథకాన్ని ప్రవేశపెట్టింది. భోజన, వసతి సహాయంగా నెలకు 1,500 రూపాయల చొప్పున పది నెలలకు 15,000 రూపాయలు విద్యార్థి ఖాతాకు చేర్చడం దాని ఏర్పాటు. ప్రస్తుత మొత్తం, అర్హతలు ఆ యేటి ప్రకటనలో చూసుకోవాలి. షెడ్యూల్డు కులాల వారికి కేంద్ర పోస్టుమెట్రిక్ ఉపకారవేతనం ఉంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలు మించని వారికి అది వర్తిస్తుంది. ఇందులో వసతిగృహంలో ఉండే విద్యార్థికి ఇచ్చే మొత్తం, ఇంటి నుండి వచ్చిపోయే విద్యార్థికి ఇచ్చేదానికంటె ఎక్కువ. కాబట్టి దరఖాస్తులో నివాసం గురించిన గడిని నిజానికి తగినట్లు నింపడం అవసరం.

విదేశాలలోను ఇదే తీరు

వసతితో కూడిన కళాశాలలకు పేరుపడినవి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు. అక్కడి ప్రతి విద్యార్థి ఏదో ఒక కళాశాలలో సభ్యుడై ఉండాలి. చిత్తూరు జిల్లా కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చేరింది సెయింట్ జాన్స్ కళాశాలలో. తరువాత ఆయన మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడయ్యారు.

ఆక్స్‌ఫర్డులో పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి దరఖాస్తులోనే తనకిష్టమైన కళాశాల పేరు వ్రాయవచ్చు, లేదా ఏదైనా సరేనని వదిలివేయవచ్చు. మొదట విభాగం అతని చదువును పరిశీలించి సీటు నిర్ణయిస్తుంది. ఆ తరువాతనే దరఖాస్తు కళాశాలకు వెళుతుంది. కోరిన కళాశాలలో ఖాళీ లేకపోతే మరొకటి అతనిని చేర్చుకుంటుంది. విభాగం సీటిచ్చినవానికి కళాశాల తప్పక దొరుకుతుంది. కాని కళాశాల సభ్యత్వం వేరు, కళాశాల గది వేరు. చాలా కళాశాలలు గదులను మొదటి సంవత్సరం వారికి ముందు ఇస్తాయి. మిగతా కాలమంతా గది దొరుకుతుందన్న హామీ అన్నిటా లేదు. వందల ఏళ్ళ అనుభవమున్న చోట కూడ చదువుకు సీటు, ఉండడానికి చోటు రెండు వేరువేరు నిర్ణయాలే. మంగసంద్రలోనైనా ఆక్స్‌ఫర్డులోనైనా అడగవలసిన ప్రశ్న ఒకటేనన్నమాట.

చోటు దొరకనప్పుడు

మొదటి జాబితాలో పేరు లేకపోతే అంతటితో ఆశ వదులుకోనక్కరలేదు. వేరే కోర్సులలో, ఉద్యోగాలలో చేరి కొందరు వెళ్ళిపోతారు. కాలం గడిచేకొద్దీ గదులు ఖాళీ అవుతాయి. నిరీక్షణ జాబితాలో పేరుందో లేదో అడిగి, దరఖాస్తు నకలు, రసీదు భద్రపరచుకొని, వారానికొకసారి వార్డెన్ కార్యాలయంలో విచారించిన విద్యార్థికి రెండవ, మూడవ జాబితాలో అవకాశం రావచ్చు. ఊరికి వెళ్ళిపోయి ఫోను కోసం ఎదురుచూసేవారికి ఆ అవకాశం చేజారుతుంది.

అంతవరకు స్నేహితుని గదిలో పేరు లేకుండా ఉండడం ఉస్మానియా వంటి పెద్ద ప్రాంగణాలలో పాత అలవాటు. వారిని నాన్‌బోర్డర్లంటారు. ఇద్దరి గదిలో నలుగురు సర్దుకోవడంలో స్నేహధర్మం ఉన్నా అందులో ప్రమాదం కూడ ఉంది. తనిఖీలో పట్టుబడితే ఆశ్రయమిచ్చిన విద్యార్థి గది కూడ రద్దు కావచ్చు. ఏదైనా దుర్ఘటన జరిగినా అతడు అక్కడ ఉన్నట్లు రికార్డు ఉండదు.

బెంగళూరులో మరొక చిక్కు మాటలోనే ఉంది. అక్కడ పీజీ అంటే పోస్టుగ్రాడ్యుయేట్ చదువు, పీజీ అంటే అద్దెకు పడక, భోజనం ఇచ్చే పేయింగ్ గెస్టు వసతి కూడ. ప్రాంగణం చుట్టూ కనిపించే పీజీ బోర్డులు విశ్వవిద్యాలయానివి కావు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రసీదు మీద వ్రాయించుకున్న తరువాతనే డబ్బు చెల్లించాలి.

మెస్ లెక్క, మనోధైర్యం

వసతిగృహపు ఖర్చులో గది అద్దె చిన్న భాగం. పెద్ద భాగం మెస్. చాలాచోట్ల డివైడింగ్ పద్ధతి ఉంది. నెలలో అయిన మొత్తం ఖర్చును భోజనం చేసినవారి సంఖ్యతో భాగించి ఒక్కొక్కరికి బిల్లు వేస్తారు. ధరలు పెరిగిన నెల బిల్లు కూడ పెరుగుతుంది. ఉపకారవేతనం ఆలస్యంగా వస్తుంది, మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. బకాయి మిగిలితే హాల్‌టికెట్టు దగ్గర ఇబ్బంది రావచ్చు. అందువలన మొదటి రెండు మూడు నెలల మెస్ ఖర్చును ప్రవేశ రుసుముతో పాటే సమకూర్చుకోవాలి. చేరేటప్పుడు కట్టే కాషన్ డిపాజిట్టు చదువు ముగిశాక తిరిగి వచ్చే డబ్బు. రసీదు పోగొట్టుకోరాదు.

ర్యాగింగు భయంతో పిల్లలను వసతిగృహానికి పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులున్నారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో చేసిన నిబంధనల ప్రకారం ర్యాగింగు చేయనని విద్యార్థి, తల్లిదండ్రులు హామీపత్రం ఇవ్వాలి. కొత్తవారిని సాధ్యమైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి. అది వీలుకానిచోట సీనియర్ల రాకపోకలపై నిఘా ఉండాలి. ఫిర్యాదుకు దేశమంతటా పనిచేసే ఉచిత నంబరు 1800-180-5522. ఈ అంకెలు విద్యార్థి ఫోనులో మాత్రమే కాక ఇంట్లోని వారి ఫోనులోను ఉండాలి.

రుసుము కట్టకముందే

ప్రవేశ రుసుము చెల్లించే ముందు విశ్వవిద్యాలయ కార్యాలయంలో ఈ ప్రశ్నలకు సమాధానం రాబట్టాలి. వసతికి వేరే దరఖాస్తు ఉందా, దాని గడువు ఎప్పుడు? ఈ కోర్సు మొదటి సంవత్సరం వారికి ఎన్ని పడకలున్నాయి? ఇతర రాష్ట్రాల విద్యార్థులను ఏ వరుసలో చూస్తారు? కేటాయింపు ఏ తేదీకి పూర్తవుతుంది, అంతవరకు తాత్కాలిక ఏర్పాటు ఉందా? నిరుటి మెస్ బిల్లు సగటున ఎంత పడింది? వసతి దొరకక సీటు వదులుకుంటే రుసుములో ఎంత తిరిగి వస్తుంది, ఏ తేదీలోగా చెప్పాలి?

ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు. పొలం కౌలుకు తీసుకునేటప్పుడు నీరెక్కడ, దారెక్కడ అని అడిగే రైతుకు ఇవి కొత్త ప్రశ్నలు కావు. భూమి మంచిదైనా దారి లేకపోతే పంట ఇల్లు చేరదు. అలాగే సీటు ఎంత మంచిదైనా ఉండడానికి చోటు లేకపోతే చదువు రెండేళ్ళు నిలవడం కష్టం. సీటుతో పాటు చోటు గురించి కూడ ముందే విచారించిన ఇంటి బిడ్డ తరగతులు మొదలైన నాడు పుస్తకాల మీద దృష్టి పెట్టగలుగుతుంది.